13 శాఖలు, ఒక్క అంకె: అమెరికాలో వాతావరణ పరిశోధన నిర్ణయాల దాకా ఎలా చేరుతుంది?

సముద్రపు ఒడ్డున ఉన్న ఒక అమెరికన్ నగరం కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టాలనుకుంది అనుకుందాం. కనీసం యాభై ఏళ్లు పనిచేయాల్సిన కట్టడం. పంపులను, విద్యుత్ ప్యానెళ్లను ఎంత ఎత్తులో బిగించాలి? ప్రశ్న ఒక్కటే అయినా జవాబు ఒక్కచోట దొరకదు. ఆ తీరంలో నీటిమట్టం ఏళ్ల తరబడి ఎలా మారిందో చెప్పే కొలతలు వాణిజ్య శాఖ కింద పనిచేసే సముద్ర, వాతావరణ సంస్థ నోవా దగ్గర ఉంటాయి. సముద్రాన్ని పైనుంచి కొలిచే ఉపగ్రహాల్లో నాసా చెయ్యి ఉంది. తీరం కోతను అంతర్గత వ్యవహారాల శాఖలోని జియలాజికల్ సర్వే చూస్తుంది. వరద పటాలు గీసేది విపత్తుల సంస్థ ఫీమా. కరకట్టలు కట్టే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌కు సొంత లెక్కింపు పద్ధతి ఉంది. శుద్ధి కేంద్రాలపై నియంత్రణ పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏది. వీళ్లందరూ తలో అంకె ఇస్తే, ఇంజనీరు మొగ్గు ఖర్చు తక్కువయ్యే అంకె వైపే ఉంటుంది. నష్టం ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి ఆ అంకె ఎవరిచ్చారో గుర్తుంచుకునేవారు కూడా ఉండరు.

శాఖల మధ్య సమన్వయం అనగానే కమిటీలు, సమావేశాలు, ఒప్పంద పత్రాలు కళ్లముందు మెదులుతాయి. అవి అవసరమే, కానీ అసలు ఫలితం వేరు. ఏ సంవత్సరం నుంచి లెక్క మొదలుపెట్టాలి, ఎత్తును దేనితో పోల్చి కొలవాలి, భవిష్యత్తుకు ఎన్ని సినారియోలు (ఇలా జరగవచ్చన్న అంచనా చిత్రాలు) తీసుకోవాలి అనే విషయాల మీద అన్ని శాఖలూ సంతకం చేసిన ఒకే జవాబు ఉండాలి. ఆ జవాబు తేలని సమన్వయం ఎంత బాగా నడిచినట్టు కనిపించినా కింద పనిచేసే ఇంజనీరుకు ఉపయోగపడదు. అమెరికా ఈ పనిని 1989 నుంచి చేస్తోంది. అక్కడి విజయాలు, వైఫల్యాలు రెండూ ప్రభుత్వ పత్రాల్లో స్పష్టంగా నమోదయ్యాయి. అందుకే వాటిని విడదీసి చూడడం సాధ్యమవుతోంది.

చట్టం బాధ్యత ఇచ్చింది, ఖజానా ఇవ్వలేదు

1989లో అధ్యక్షుడి చొరవగా మొదలైన పరిశోధన కార్యక్రమానికి 1990 నవంబరు 16న గ్లోబల్ ఛేంజ్ రిసెర్చ్ చట్టం పునాది వేసింది. దాని మీద సంతకం చేసింది జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్. చట్టం కోరినవి ప్రధానంగా నాలుగు. పదేళ్ల లక్ష్యాలతో జాతీయ పరిశోధన ప్రణాళిక తయారుచేసి, కనీసం మూడేళ్లకోసారి సవరించాలి. శాఖల బడ్జెట్ ప్రతిపాదనలను కలిపి చూడాలి. ఏటా అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు నివేదిక ఇవ్వాలి. కనీసం నాలుగేళ్లకోసారి అధ్యక్షుడికి, కాంగ్రెస్‌కు శాస్త్రీయ అంచనా సమర్పించాలి. ఆ అంచనాలో వ్యవసాయం, ఇంధనం, నేల, నీరు, రవాణా, ఆరోగ్యం, జీవవైవిధ్యం మీద ప్రభావాలు ఉండాలి. రాబోయే 25 నుంచి 100 ఏళ్ల ధోరణులు ఉండాలి. ఏ విషయంలో శాస్త్రానికి ఇంకా స్పష్టత లేదో కూడా చెప్పాలి.

చాలాకాలం ఈ కార్యక్రమంలో 13 ఫెడరల్ సంస్థలు ఉన్నాయి. వ్యవసాయం, వాణిజ్యం, రక్షణ, ఇంధనం, ఆరోగ్యం, అంతర్గత వ్యవహారాలు, విదేశాంగం, రవాణా శాఖలతో పాటు ఈపీఏ, నాసా, నేషనల్ సైన్స్ ఫౌండేషన్, స్మిత్సోనియన్ సంస్థ, విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్. వీటి ప్రతినిధులు వైట్‌హౌస్ సైన్స్ కార్యాలయం గొడుగు కింద ఒక ఉపసంఘంగా కూర్చునేవారు. ఉపసంఘం కింద మోడళ్లు, పరిశీలనలు, కార్బన్ చక్రం, ఆరోగ్యం వంటి అంశాలకు కార్యాచరణ బృందాలు ఉండేవి. ఒక చిన్న సమన్వయ కార్యాలయం సమావేశాల నుంచి నివేదికల ముద్రణ దాకా అన్నీ చూసేది.

ఉపసంఘానికి లేనిది డబ్బు మీద అధికారం. ఏ శాఖ అయినా తన ప్రతినిధి ఒప్పుకున్నదాన్ని అమలు చేయకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. 2007లో ప్రభుత్వానికి శాస్త్రీయ సలహాలిచ్చే నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ చేసిన సమీక్ష ఈ లోపాన్ని నేరుగా పట్టుకుంది. కార్యక్రమ సారథికి గానీ, చాలామంది శాఖా ప్రతినిధులకు గానీ నిధులను అటూఇటూ మళ్లించే అధికారం లేదని అది రాసింది. అదే సమీక్ష ఇంకో మాట కూడా చెప్పింది. వాతావరణం ఎలా మారుతోందో అర్థం చేసుకునే శాస్త్రం బాగా ముందుకెళ్లింది, ఆ జ్ఞానాన్ని నిర్ణయాలకు పనికొచ్చేలా మలచడం మాత్రం వెనుకబడింది. ఈ రెండు లోపాలకూ మూలం ఒకటే. కొలిచే శాఖలకు సొంత నిధులు, సొంత ప్రయోగశాలలు ఉన్నాయి. వాడేవారికి అర్థమయ్యేలా చేసే పని ఏ శాఖకూ ప్రధాన విధి కాదు.

నిధులు వచ్చే దారులు

ఏటా అమెరికా కాంగ్రెస్ 12 వేర్వేరు కేటాయింపు బిల్లులు రాస్తుంది. ఒక్కో బిల్లుకు ఒక్కో ఉపసంఘం. నాసా, నోవా, సైన్స్ ఫౌండేషన్ ఒక బిల్లులో ఉంటాయి. ఇంధన శాఖ, ఆర్మీ కోర్ మరో బిల్లులో, జియలాజికల్ సర్వే, ఈపీఏ ఇంకో బిల్లులో. వ్యవసాయ శాఖది వేరు, ఆరోగ్య శాఖది వేరు. వాతావరణ పరిశోధన మొత్తాన్ని ఒకేసారి చూసే ఉపసంఘం చట్టసభలో లేదు. ఉపగ్రహానికి డబ్బు ఒక బిల్లులో దొరికి, దాని కొలతలను నేలమీద సరిచూసే కేంద్రాలకు ఇంకో బిల్లులో కోత పడితే, ఆ రెండింటికీ సంబంధం ఉందని గుర్తుచేసేవారు ఎవరూ గదిలో ఉండరు.

పైగా, వాతావరణ మార్పు పద్దు కింద లెక్కించే డబ్బులో ఎక్కువ భాగం అసలు ఆ పేరుతో ఖర్చయ్యేదే కాదు. ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2018లో ఆరు సంస్థలకు చెందిన 533 కార్యక్రమాలను పరిశీలించింది. వాతావరణ మార్పే ప్రధాన లక్ష్యంగా ఉన్నవి వాటిలో 18 మాత్రమే. మిగతావి వేరే అవసరాల కోసం పుట్టినవి. ఈ అంకెను కొందరు డబ్బు వృథాకు రుజువుగా చూపుతారు. నాకు అందులో కనిపించేది వేరు. రోజువారీ వాతావరణ సూచనల కోసం ఎగిరే ఉపగ్రహం ముప్పై ఏళ్లు ఆగకుండా ఎగిరితే అదే వాతావరణ మార్పుకు సాక్ష్యమవుతుంది. నదీ ప్రవాహాల కొలత, పంటల సర్వే, నౌకల కోసం నడిపే టైడ్ గేజ్ (తీరంలో నీటిమట్టం కొలిచే పరికరం) కూడా అంతే. కాబట్టి సమన్వయం చేసేవారు తమ పద్దును కాపాడుకుంటే చాలదు. సంబంధం లేని కారణంతో వేరే శాఖ మూసేస్తున్న కొలత కేంద్రాల జాబితా మీద కూడా కన్ను ఉంచాలి. ఇరవై ఏళ్ల వరుసలో రెండేళ్లు ఖాళీ వస్తే, కొత్త పరికరం పాతదానితో సరిపోలుతోందా లేదా అని తేల్చే మార్గం పోతుంది. ఆ ఖాళీని తర్వాత ఎంత డబ్బు పోసినా పూడ్చలేం.

కాలపట్టిక కూడా కఠినమే. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. శాఖలు వసంతంలో లోపలి కసరత్తు మొదలుపెట్టి, సెప్టెంబరులో వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయానికి ప్రతిపాదనలు పంపుతాయి. నవంబరు చివర్లో జవాబు వస్తుంది. ఫిబ్రవరిలో అధ్యక్షుడి బడ్జెట్ కాంగ్రెస్‌కు వెళ్లాలి. అంటే ఒక వసంతంలో నాలుగు శాఖలు కలిసి చేద్దామనుకున్న పనికి, అంతా సాఫీగా సాగినా, డబ్బు మరుసటి ఏడాది అక్టోబరుకు గానీ అందదు. దాదాపు ఏడాదిన్నర. ఉమ్మడి అవసరాన్ని వేసవిలోపు ఒక కాగితం మీద పెట్టి, నాలుగు శాఖల ప్రతిపాదనల్లోనూ ఒకే మాటలతో చేర్పించలేని బృందానికి ఇంకో ఏడాది చేజారుతుంది. శాఖలు ఒకదాని నుంచి ఒకటి సేవలు కొనుక్కోవడానికి 1932 నాటి ఎకానమీ చట్టం ఉంది. చిన్న పనులకు అది చాలు. కానీ ప్రతి లావాదేవీకీ ఇరువైపులా ఒప్పందం, జమాఖర్చు కావాలి.

సముద్రమట్టం: ఒప్పందం కుదిరిన చోటు

మొదటి ప్రశ్నకే వద్దాం, ఎందుకంటే సమన్వయం అన్నిటికంటే బాగా ఫలించింది ఇక్కడే. పదేళ్ల క్రితం దాకా తీరప్రాంత ఇంజనీరు ముందు కనీసం రెండు వ్యవస్థలు ఉండేవి. ఆర్మీ కోర్ నిబంధనలు మూడు గీతలు గీయమంటాయి. స్థానికంగా ఇప్పటిదాకా కొలిచిన వేగమే కొనసాగితే తక్కువ గీత. 1987 నాటి నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ సమీకరణాలను సవరించి గీసినవి మధ్య, ఎక్కువ గీతలు. ఈ రెండూ 2100 నాటికి ప్రపంచ సగటున సుమారు అర మీటరు, ఒకటిన్నర మీటర్ల దగ్గరకు చేరతాయి. లెక్క మొదలయ్యేది 1992 నుంచి. మరోవైపు నోవా నేతృత్వంలోని బృందాల సినారియోలు 2000 నుంచి మొదలవుతాయి. ఎనిమిదేళ్ల తేడాకు ఏడాదికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున చూసినా 2.4 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక అంగుళం. ఒక పట్టికలోని అంకెను ఇంకో పట్టిక పక్కన పెట్టి పోల్చినప్పుడు ఈ అంగుళం ఎవరికీ కనబడకుండా లెక్కలో కలిసిపోతుంది.

అంతకంటే పెద్ద చిక్కు సున్నా గీతది. భవన నక్షాలు, ఫీమా వరద పటాలు ఎత్తును నావ్‌డ్ 88 అనే జాతీయ సున్నా గీత నుంచి కొలుస్తాయి. ఆటుపోట్ల ముంపు లెక్కలు మాత్రం ఆ ఊళ్లో పోటు చేరే సగటు గరిష్ఠ మట్టం నుంచి మొదలవుతాయి. బోస్టన్‌లో ఈ రెండింటి మధ్య తేడా దాదాపు మీటరున్నర. "మూడు అడుగుల ముంపు" అని రాసి, దేని మీద మూడు అడుగులో రాయని నివేదిక ప్రమాదకరం. ఆటుపోట్ల సగటు మట్టాలు తీసిన కాలవ్యవధి కూడా 1983 నుంచి 2001 వరకు ఉన్న పాతది. ఆ తర్వాత పెరిగిన నీరు అందులో లేదు.

నేల కదలిక మూడోది. లూసియానాలోని గ్రాండ్ ఐల్ దగ్గర నేల కూడా కుంగుతుండడంతో నీటిమట్టం ఏడాదికి సుమారు 9 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. అలాస్కాలోని జునో దగ్గర, హిమానీనదాల బరువు తగ్గి నేల పైకి లేస్తుండడంతో, ఏడాదికి సుమారు 13 మిల్లీమీటర్ల చొప్పున తగ్గుతోంది. ప్రపంచ సగటు అంకె ఒక్కటే పట్టుకుంటే ఈ రెండు ఊళ్లలోనూ తప్పే.

ఈ ముడిని విప్పడానికి ముందుకొచ్చిన వాటిలో రక్షణ శాఖ ఒకటి. దానికి తీరాల్లో స్థావరాలున్నాయి, వాటి మీద నిర్ణయాలు తీసుకోక తప్పదు. 2016లో ఆ శాఖ అండతో పలు సంస్థల శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా 1,774 సైనిక ప్రదేశాలకు సముద్రమట్ట సినారియోలు తయారుచేశారు. తర్వాత అంతర్శాఖా కార్యదళం 2017లో దేశం మొత్తానికి సినారియోలు విడుదల చేసి, 2022లో వాటిని సవరించింది. 2022 నివేదిక మీద నోవా, నాసా, ఈపీఏ, జియలాజికల్ సర్వే, ఫీమా, రక్షణ శాఖ, ఆర్మీ కోర్ కలిసి నిలబడ్డాయి. ప్రపంచ సగటున 2100 నాటికి 0.3, 0.5, 1.0, 1.5, 2.0 మీటర్లు అని ఐదు సినారియోలు. 2017లో ఉన్న 2.5 మీటర్ల సినారియోను కొత్త ఆధారాల వెలుగులో తీసేశారు. ఇలా తీసేయగలగడం కూడా సమన్వయానికి గీటురాయే. ఒక శాఖ తీసేసి ఇంకో శాఖ ఉంచుకుంటే గందరగోళం రెట్టింపయ్యేది.

ఇంజనీర్లకు అసలు మేలు చేసింది ఆ నివేదికలోని 2050 అంకె. 2020 నుంచి 2050 మధ్య అమెరికా తీరాల్లో నీటిమట్టం సగటున 10 నుంచి 12 అంగుళాలు పెరుగుతుందని, అది అంతకుముందు వందేళ్లలో పెరిగినంత అని తేల్చారు. ప్రాంతాలవారీగా చూస్తే తూర్పు తీరంలో 10–14 అంగుళాలు, గల్ఫ్ తీరంలో 14–18, పశ్చిమ తీరంలో 4–8. శతాబ్దం చివరి అంకెలు ఉద్గారాలను బట్టి, మంచుఫలకాలను బట్టి విడిపోతాయి. 2050 దాకా మాత్రం సినారియోల మధ్య తేడా తక్కువ. టైడ్ గేజ్‌ల రికార్డును ముందుకు పొడిగించి చూసినా, మోడళ్లతో చూసినా దగ్గరి జవాబే వస్తుంది. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు కలిశాయని పక్కపక్కనే చూపించడం వల్లే ఆ అంకె నమ్మకంగా వాడుకలోకి వెళ్లింది. ఇక శుద్ధి కేంద్రం విషయానికి వస్తే, ఇరవై ఏళ్లకు మార్చే పంపులకు 2050 అంకె సరిపోతుంది. మార్చడానికి వీల్లేని పునాదికి 1.5 మీటర్ల సినారియోను కూడా పరీక్షించి చూడాలి. దీన్ని ఏ కమిటీ నిర్ణయించదు. కమిటీ చేయాల్సిందల్లా ఆ ఎంపిక సాధ్యమయ్యేలా అంకెలను ఒకే గీత మీద పెట్టడం.

వాన లెక్క ఎందుకు వెనుకబడింది

కల్వర్టు గొట్టం ఎంత వెడల్పుండాలో చెప్పే వర్షపాత పట్టికల కథ ఇందుకు భిన్నం. నోవా అట్లాస్ 14 ఇచ్చే "వందేళ్ల వాన" అంటే ఏ ఏడాదైనా కురిసే అవకాశం ఒక శాతం ఉన్న వాన. రోడ్లు, వంతెనలు, డ్రైనేజీలు అన్నీ దీని మీదే ఆధారపడతాయి. టెక్సస్ సంపుటం 2018లో వచ్చినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల 24 గంటల వందేళ్ల వాన 13 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెరిగింది. అంటే అప్పటిదాకా వందేళ్ల వాన అనుకున్నది నిజానికి పాతికేళ్ల వాన. అంతకుముందు అక్కడ వాడుకలో ఉన్న పట్టికల్లో 1961 నాటివి కూడా ఉన్నాయి.

ఇంత ఆలస్యానికి కారణం శాస్త్రం లేకపోవడం కాదు. అట్లాస్ 14 సవరణలకు స్థిరమైన ఫెడరల్ పద్దు ఉండేది కాదు. రాష్ట్రాలు, ఇతర సంస్థలు డబ్బు సమకూర్చినప్పుడు ఆ ప్రాంతపు సంపుటం తయారయ్యేది. దాంతో ఓరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాలు దశాబ్దాల తరబడి 1973 నాటి అట్లాస్ 2 మీదే ఉండిపోయాయి. రాష్ట్ర సరిహద్దు దాటగానే అదే కొండ మీద కురిసే వానకు లెక్క మారిపోయేది. పైగా అట్లాస్ 14 గతంలో కురిసిన తీరే భవిష్యత్తులోనూ కురుస్తుందన్న ఊహ మీద నిలబడింది. 2021 మౌలిక వసతుల చట్టం నిధులు ఇచ్చాక, 2022 డిసెంబరులో వచ్చిన మరో చట్టం కనీసం పదేళ్లకోసారి సవరించాలని ఆదేశించాక పరిస్థితి మారింది. దేశమంతటికీ ఒకే పద్ధతితో, వాతావరణ మార్పును లెక్కలోకి తీసుకుంటూ అట్లాస్ 15 పని మొదలైంది. ఒక పట్టికను ఎవరు, ఎన్నేళ్లకోసారి, ఎవరి డబ్బుతో సవరించాలో రాసుకోకపోతే ఎంత మంచి పట్టికైనా మూడు దశాబ్దాల్లో ప్రమాదకరమవుతుంది. అమెరికా ఈ సంగతిని చట్టంలోకి ఎక్కించడానికి 2022 దాకా ఆగింది.

గురువారం పటం

శాఖల మధ్య సమన్వయానికి నాకు అన్నిటికంటే నచ్చే ఉదాహరణ యూఎస్ డ్రౌట్ మానిటర్ అనే కరువు పటం. 1999లో నోవా, వ్యవసాయ శాఖ, నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని జాతీయ కరువు కేంద్రం కలిసి దీన్ని మొదలుపెట్టాయి. ప్రతి వారం మంగళవారం ఉదయం దాకా ఉన్న డేటాతో పటం గీసి, గురువారం విడుదల చేస్తారు. డీ0 అసాధారణ పొడి, డీ1 నుంచి డీ4 దాకా పెరుగుతూ పోయే కరువు. డీ2 అంటే ఆ ప్రాంతంలో ఆ కాలానికి గతంలో నమోదైన వాటిలో అత్యంత పొడి 6 నుంచి 10 శాతంలో ఉన్న పరిస్థితి. డీ4 అంటే అత్యంత పొడి 2 శాతం. వర్షపాతం, నేల తేమ, నదీ ప్రవాహం, మంచు నిల్వ, పచ్చదనం సూచికలన్నీ కలిపి చూస్తారు.

ఇక్కడ రెండు పద్ధతులు గమనించాలి. ఒకటి, ప్రతి వారం పటానికి ఒక రచయిత ఉంటారు. వంతులవారీగా ఆ బాధ్యత మారుతుంది. చిత్తుపటాన్ని దేశమంతటా వందలమంది స్థానిక నిపుణులకు పంపుతారు, వాళ్లు అభ్యంతరాలు చెబుతారు, కానీ గీత ఎక్కడ గీయాలో చివరికి ఆ వారపు రచయితే నిర్ణయిస్తారు. అందరి మాటా వింటారు, అందరి అనుమతి కోసం ఆగరు. రెండు, పటం వెనుక డబ్బు ఉంది. 2014 వ్యవసాయ చట్టం పెట్టిన నియమం ప్రకారం, మేత పెరిగే కాలంలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) వరుసగా 8 వారాలు డీ2లో ఉంటే అక్కడి పశుపోషకులకు ఒక నెల మేత సాయం అందేది; 2025లో ఆ నియమాన్ని సవరించారు. డీ3 ఒక్కసారి తాకినా మూడు నెలల సాయం. డబ్బు ముడిపడ్డాక ఆ పటాన్ని ఆపేయడం ఏ శాఖకూ సులువు కాదు. దానితోపాటు ఒత్తిడి కూడా వచ్చింది. గీతను కాస్త ఇటు జరపమని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. సూచికల మెజారిటీ ఎటు చూపితే అటు అన్న క్రమశిక్షణ, కారణాన్ని ప్రతి వారం రాతపూర్వకంగా ప్రచురించడం ఆ ఒత్తిడికి అడ్డుకట్టలు. 2006లో జాతీయ సమగ్ర కరువు సమాచార వ్యవస్థ చట్టం కరువు సమాచారాన్ని సమన్వయం చేసే పనిని నోవాకు పేరుపెట్టి అప్పగించింది.

ప్రాంతీయ స్థాయిలో మాత్రం పని ఇంత శుభ్రంగా లేదు. నోవా 1990ల నుంచి విశ్వవిద్యాలయాల్లో ప్రాంతీయ బృందాలను నడుపుతోంది. జియలాజికల్ సర్వేకు వాతావరణ అనుకూలత విజ్ఞాన కేంద్రాలు ప్రాంతాలవారీగా ఉన్నాయి. వ్యవసాయ శాఖ 2014లో క్లైమేట్ హబ్‌లు తెరిచింది. మూడింటి ప్రాంతాల సరిహద్దులు మూడు రకాలు. ఒకే కౌంటీ నీటి అధికారి మూడు శిక్షణలకు పిలుపులు అందుకుంటాడు. ప్రాంతాన్ని బట్టి కాకుండా వాడేవారిని బట్టి పంచుకుంటే మేలు. రైతులకు హబ్, వన్యప్రాణులు, అడవులు, ఆదివాసీ భూముల నిర్వాహకులకు జియలాజికల్ సర్వే కేంద్రం, నగరాలకు, నీటి సంస్థలకు నోవా బృందం.

ఎవరిదీ కానిదే ముందు పోతుంది

సమన్వయం పేరుతో జరిగిన అతిపెద్ద నష్టం నీపోస్ ఉపగ్రహ కార్యక్రమం. 1994లో అధ్యక్షుడి ఆదేశంతో నోవా ధ్రువ కక్ష్య ఉపగ్రహాలను, రక్షణ శాఖ వాతావరణ ఉపగ్రహాలను కలిపేశారు. ఖర్చు రెండు శాఖలకు చెరిసగం, సాంకేతిక సాయం నాసాది. కాగితం మీద ఎంతో సబబు. కానీ మూడు సంస్థల కార్యనిర్వాహక కమిటీలో ఎవరి మాట చివరిదో స్పష్టత లేకపోవడంతో, సమస్యలు తెలిసినా నిర్ణయాలు వాయిదా పడ్డాయి. ప్రధాన కెమెరా పరికరం సాంకేతిక చిక్కుల్లో పడింది. మొదట సుమారు 700 కోట్ల డాలర్లు అనుకున్న ఖర్చు 2006 జూన్ నాటికి 1,250 కోట్ల డాలర్లకు చేరింది. ఆరు ఉపగ్రహాలను నాలుగుకు కుదించారు. ఖర్చు తగ్గించడానికి పరికరాలు తీసేయాల్సి వచ్చినప్పుడు వేటు పడింది వాతావరణ మార్పును కొలిచేవాటి మీదే. భూమి శక్తి లెక్కను కొలిచేది, సూర్యుడి వెలుగును కొలిచేది, సముద్రమట్టాన్ని కొలిచేది, వాయుధూళిని కొలిచేది. రక్షణ శాఖకు కావాల్సింది మేఘాల చిత్రాలు, నోవాకు రోజువారీ సూచనలు. దీర్ఘకాలపు వరుసను కాపాడడం ఆ గదిలో ఎవరి ప్రధాన విధీ కాదు. 2010 ఫిబ్రవరిలో వైట్‌హౌస్ కార్యక్రమాన్ని రెండుగా విడగొట్టింది. తీసేసిన కొన్ని పరికరాలు తర్వాత వేరే దారుల్లో కక్ష్యకు చేరాయి.

శాఖలను కలపడం వేరు, శాఖల ఫలితాలను కలపడం వేరు. పరికరానికి ఒకే యజమాని ఉండాలి. దాని నుంచి వచ్చే అంకె మీద మాత్రం అందరూ ఒప్పుకోవాలి.

నాలుగేళ్ల నివేదిక, ఇప్పటి పరిస్థితి

చట్టం కోరిన శాస్త్రీయ అంచనాలే జాతీయ వాతావరణ అంచనా నివేదికలుగా పేరుపొందాయి. 2000, 2009, 2014, 2017–18 సంవత్సరాల్లో వచ్చాయి. ఐదోది 2023 నవంబరు 14న వచ్చింది. ప్రతి అధ్యాయంలోని ప్రతి ముఖ్య వాక్యానికీ ఆధారాల జాడ రాస్తారు. ఏ పరిశోధనల మీద నిలబడింది, ఎక్కడ స్పష్టత లేదు, నమ్మకం స్థాయి ఎంత. "అవకాశం ఉంది" అన్న మాటకు కూడా కొలత ఉంది, 66 శాతం పైన. ముసాయిదాను శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ అకాడమీ సమీక్షిస్తుంది, ప్రజలు వ్యాఖ్యానిస్తారు, రచయితలు వాటికి రాతపూర్వకంగా జవాబివ్వాలి. చివరికి ప్రతి శాఖా ఆమోదించాలి.

ఆ ఆమోదం నెమ్మది. కొన్నిసార్లు రాజకీయ జోక్యానికి దారి కూడా. 2005లో వైట్‌హౌస్ పర్యావరణ మండలి అధికారి ఒకరు శాస్త్రవేత్తల నివేదికల్లో అనిశ్చితిని పెంచి చూపేలా మాటలు మార్చినట్టు పత్రాలు బయటపడ్డాయి. అయినా శాఖల ఆమోదమే ఆ నివేదికకు బలం. ఫెడరల్ ఇంజనీరు దాన్ని తన ఫైలులో ఆధారంగా పెడితే తన శాఖే కాదనలేదు. 2025 ఏప్రిల్‌లో సమన్వయ కార్యాలయానికి సిబ్బందిని సమకూర్చే కాంట్రాక్టును రద్దు చేశారు. అదే నెల 28న ఆరో నివేదిక మీద పనిచేస్తున్న దాదాపు 400 మంది స్వచ్ఛంద రచయితలను విడుదల చేశారు. జూన్ ఆఖరుకు కార్యక్రమ వెబ్‌సైట్ కూడా తెరుచుకోలేదు. శాస్త్రవేత్తల సంఘాలైన అమెరికన్ జియోఫిజికల్ యూనియన్, అమెరికన్ మెటియరలాజికల్ సొసైటీ కలిసి మే నెలలో ఒక ఉమ్మడి పరిశోధన సంకలనాన్ని ప్రకటించాయి. ఎంతో మెచ్చుకోవాల్సిన పని అది. కానీ అందులోని వ్యాసానికి ఏ శాఖ ఆమోదమూ ఉండదు, కాబట్టి ఏ శాఖనూ కట్టిపడేయదు.

ఇప్పుడు ప్రణాళికలు వేస్తున్న నగరాలు, రాష్ట్రాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. 2022 సముద్రమట్ట నివేదికను, ఐదో అంచనాను, తమ ప్రాంతపు వర్షపాత పట్టికలను ప్రాతిపదిక సంవత్సరం, సున్నా గీత, విడుదల తేదీతో సహా తమ దగ్గర దాచుకోవాలి. ఏ నిర్ణయం ఏ అంకె మీద ఆధారపడిందో ఫైలులో రాసుకోవాలి. తమ తీరంలో, నదిలో ఉన్న గేజ్‌లు నడుస్తున్నాయో లేదో ప్రతి బడ్జెట్ కాలంలో అడగాలి. మూసివేత ప్రతిపాదన కనిపిస్తే ఆ బిల్లును చూసే ఉపసంఘానికి రాయాలి.

1990 చట్టం మాత్రం ఇంకా చట్టంగానే ఉంది. ఇలాంటి ఖాళీ ఇంతకుముందూ వచ్చింది. 2000 తర్వాత నాలుగేళ్లకు రావాల్సిన అంచనా రాలేదు. జార్జ్ డబ్ల్యూ. బుష్ ప్రభుత్వం దాని బదులు 21 వేర్వేరు నివేదికలను ఎంచుకుంది. 2006 నవంబరులో పర్యావరణ సంస్థలు సెంటర్ ఫర్ బయొలాజికల్ డైవర్సిటీ, ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్, గ్రీన్‌పీస్ కోర్టుకెళ్లాయి. 2007 ఆగస్టులో ఉత్తర కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు గడువు చట్టబద్ధమైనదని, దాన్ని దాటడం చట్ట ఉల్లంఘనని తీర్పు చెప్పి, 2008 మే 31లోగా అంచనా ఇవ్వాలని ఆదేశించింది. ఆ నెలాఖరులోనే ఒక నివేదిక వచ్చింది; జాతీయ అంచనాల వరుసలో రెండోదిగా లెక్కించేది మాత్రం 2009 నాటిదాన్ని. ఐదో అంచనా 2023 నవంబరులో వచ్చింది కాబట్టి, అదే లెక్కన ఆరోదానికి గడువు 2027 నవంబరు.